కుడిచేతి కింద ముడత

ఫిబ్రవరి 9

తమ్ముడికి,

ముందు "ప్రియమైన" అని పెట్టాలంటున్నాడు రాసే ఆయన. వద్దన్నాను. ప్రియమో కాదో నువ్విచ్చే జవాబులో తేలుతుంది.

రాస్తున్నది పక్క మంచం ఆమె భర్త. టైలరు. ఆమెకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతాను, ఆయన రాస్తాడు. నేను పది మాటలు చెబితే ఆరు రాస్తాడని "కత్తెర" అని పేరు పెట్టాను. అది కూడా రాయి అన్నాను. నవ్వుతూ రాశాడు.

ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో గట్టి మాట వచ్చేసరికి "ప్రార్థన చేద్దాం అక్కా" అంటావు. నువ్వు కళ్ళు మూసుకుంటే నేను నోరు మూసుకోవాలి. కాయితం అయితే కళ్ళు తెరిచే చదవాలి.

చెల్లి పడిపోయి ఈ రోజుకి నలభై రెండు రోజులు. ఆ పొద్దున ఎప్పటిలాగే నేను ఇస్త్రీ చేస్తున్నాను, అది పిల్లలకి పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళే ముందు నాకు బైబిల్లో వాక్యం చదువుతోంది. ఇద్దరు అక్కచెల్లెళ్ళ కథ. తమ్ముడికి జబ్బు చేస్తే ప్రభువుకి కబురు పెడతారు, ఆయన ఆలస్యంగా వస్తాడు, అప్పటికి తమ్ముడు సమాధిలో ఉంటాడు. పెద్దది దారిలోకే ఎదురెళ్ళి, నువ్వుంటే వాడు పోయేవాడు కాదని ఆయన్నే నిలదీస్తుంది. అక్కడికి వచ్చి "మిగతాది రేపు" అని బస్సు టికెట్టు గుర్తుగా పెట్టింది చెల్లి. సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది. అంతే.

ఇప్పుడు దాని మెడలో కన్నం, కన్నంలో గొట్టం, గొట్టం కొసన మిషను. మిషను ఊదితే ఛాతీ లేస్తుంది, ఆపితే దిగుతుంది. కళ్ళజోడు డాక్టరమ్మ నన్ను గదిలోకి పిలిచి కుర్చీ వేసింది. కుర్చీ వేశారంటే మంచి మాట కాదని ఈ ఆస్పత్రిలో నాకు తెలియనిది కాదు. "మీ చెల్లెలి తల పనిచేయడం లేదమ్మా, ఇక చేయదు. ఊపిరి మిషనుదే. మీ వాళ్ళు ఒప్పుకుని కాయితం ఇస్తే ఆపేస్తాం. తొందరేం లేదు" అంది. మంచిగానే చెప్పింది. నేనే మంచిగా వినలేదు.

ఎందుకంటే నా దగ్గర సాక్ష్యం ఉంది. ఈ ఆస్పత్రి లాండ్రీలోనే నలభై ఒక్క ఏళ్ళు దుప్పట్లు ఉతికాను. నాకు పుస్తకం చదవడం రాదు గాని దుప్పటి చదవడం వచ్చు. మడమల దగ్గర నలిగితే నొప్పి. అంచులు నలిగితే భయం. అసలు నలక్కపోతే ఆ మంచం మీద మనిషి ఉన్నా లేనట్టే. చెల్లి దుప్పటి పొద్దున ఆయా చదునుగా పరుస్తుంది. మధ్యాహ్నానికి కుడిచేతి కింద ముడత వస్తుంది, నాలుగు వేళ్ళ వెడల్పున. సుద్దముక్క పట్టిన చెయ్యి అది. పట్టుకుంటోందిరా. పోనివ్వద్దని పట్టుకుంటోంది.

డాక్టరమ్మకి చూపిస్తే తల ఊపి వెళ్ళిపోయింది. అందుకే నువ్వు కావాలి. నువ్వు మీ ఊరి ఆస్పత్రిలో పాస్టరు అయ్యగారివి, ఇలాంటి మంచాల పక్కన నిలబడడమే నీ పని. మిషను ఆపడం పాపం అని ఒక్క కాయితం రాసి, మీ సంఘం ముద్ర కొట్టి పంపు. వాళ్ళ ముఖాన పెడతాను.

వాక్యం మిగతాది తను చదువుతానన్నాడు కత్తెర. ఆ టికెట్టు మీద ఎవరి చెయ్యీ పడకూడదన్నాను.

కింద నా వేలు పెట్టాను. సరిగ్గా పడలేదు. సిరా పల్చన అంటున్నాడు.

అక్క

ఫిబ్రవరి 20

అక్కకి,

దేవుని నెమ్మది నీకు తోడుగా ఉండాలని కోరుతూ రాస్తున్నాను.

ఉత్తరం మూడుసార్లు చదివాను. చిన్నక్క గురించి ఇక్కడ ప్రతి కూటంలోనూ ప్రార్థిస్తున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కుర్చీలోనే రోజంతా కూర్చోకు, మధ్యలో లేచి నడువు.

ముద్ర విషయం. సంఘం ముద్ర పెళ్ళిళ్ళకీ బాప్తిస్మాలకీ తప్ప వేయడానికి నాకు అధికారం లేదు. పైగా ఇలాంటి విషయాల్లో అన్ని ఇళ్ళకీ ఒకే జవాబు ఉండదు. నువ్వు మా ఇద్దరికీ అమ్మ తర్వాత అమ్మవి. చిన్నక్కని నీకంటే ఎరిగినవాళ్ళు లేరు. ప్రార్థనతో నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా దేవుడు తప్పు పట్టడు, నేనూ పట్టను. నీ చేతుల్లో పెడుతున్నాను.

రావాలనే ఉంది. సెలవు దొరకడం లేదు. దొరికిన రోజున బయలుదేరతాను.

టైలరు గారికీ వారి భార్యకీ నా వందనాలు.

నీ తమ్ముడు

మార్చి 2

అయ్యగారికి,

తమ్ముడికి రాస్తే అయ్యగారు జవాబిచ్చారు కాబట్టి ఈ ఉత్తరం అయ్యగారికే.

చదివేస్తే ఉన్న మతి పోయిందంటారు. నీ చదువు కోసం నేను రెండు షిఫ్టులు వేడినీళ్ళలో నిలబడ్డాను. ఆ చదువు నీకు నేర్పింది కర్ర విరగకుండా పాము చావకుండా ఉత్తరం రాయడమా? నేనడిగింది ఏమిటి? పాపమా కాదా. నువ్విచ్చింది ఏమిటి? నా మోకాళ్ళ సంగతి.

కత్తెర రెండుసార్లు చదివి వినిపించాడు. "ఏ నిర్ణయం తీసుకున్నా దేవుడు తప్పు పట్టడు" అన్నావు. అంటే ఏమిటి? ఉంచడానికి ఎవరూ నిర్ణయం తీసుకోనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. నిర్ణయం అన్నావంటే ఆపమనే. నేరుగా అనే ధైర్యం లేక తిప్పి చెప్పావు. సరే, నాకంటే వాక్యం తెలిసినవాడివి. చెప్పావు కదా అని, పళ్ళు బిగించుకుని కాయితాల గదికి వెళ్ళాను.

గుమస్తా చిన్నవాడు, మర్యాదస్తుడే. కాయితం చదివి వినిపించి, సిరా డబ్బా జరిపి "ఇక్కడ బొటనవేలు పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. చూసి, "ఇంకోసారి" అన్నాడు. పెట్టాను. నా వేలు తన చేత్తో పట్టుకుని దొర్లించాడు. ఎడమ వేలు కూడా అడిగాడు. అద్దం తెచ్చి చూశాడు.

"అమ్మా, ఇది వేలిముద్ర కాదు. మరక."

"నలభై ఒక్క ఏళ్ళు మీ ఆస్పత్రి మరకలు వదిలించిన వేలు బాబూ. ఇంకేం పడుతుంది?" అన్నాను.

సోడా, బ్లీచింగు, వేడినీళ్ళు కలిసి గీతలన్నీ తినేశాయట. ఇలాంటి మరక పెట్టుకుని ఇంత పెద్ద పని చేయడానికి ఒప్పుకోరట. ఆ గదిలోనే నవ్వొచ్చిందిరా నాకు! నేను గదికి వెళ్ళకముందే, నలభై ఒక్క ఏళ్ళ ముందు నుంచే నా వేలు మీద రోజుకింత తుడుస్తూ వచ్చాడు దేవుడు, ఈ ఒక్క రోజు కోసం. నువ్వు చెప్పలేని జవాబు ఆయన చెప్పాడు. వద్దని.

"ఇంకెవరున్నారమ్మా మీకు" అని గుమస్తా అడిగాడు. తమ్ముడున్నాడు, అయ్యగారు అని గొప్పగా చెప్పాను. చిరునామా రాసుకున్నాడు.

చెల్లి అలాగే ఉంది. ముడత ఈ రోజు కూడా వచ్చింది. కత్తెర భార్య లేచి కూర్చుని గంజి తాగింది. సంతోషమే. నా ముఖం చూసి ఆయన మాత్రం సంతోషం దాచుకుంటున్నాడు. దాచుకోవద్దన్నాను.

అక్క

మార్చి 11

అక్కా,

నేను సంతకం పెట్టమనలేదు. పెట్టొద్దనీ అనలేదు, నిజమే. కర్రా పామూ మాట సరిగ్గా తగిలింది. నువ్వే తేలిస్తే నేను తేల్చక్కర్లేదనుకున్నాను. నా ఉద్దేశం అంతకు మించి ఏమీ లేదు.

నీ వేలు పడలేదన్నది చదివి నాకూ ప్రాణం లేచివచ్చింది. నాలుగు రోజులే. ఐదో రోజున తపాలాలో ఆ కాయితం నా పేరిట వచ్చింది. నువ్వు చిరునామా ఇచ్చావు కదా. అక్క ముద్ర చెల్లనప్పుడు తమ్ముడి సంతకం కావాలట. ఇప్పుడది నా బల్ల మీద ఉంది.

ఆ కాయితం నాకు కొత్త కాదు. ఇక్కడ నెలకి మూడు నాలుగు చూస్తాను. మెట్ల పక్కన చిన్న గది ఉంది, గోడకి గడియారం లేని గది. ఇంటివాళ్ళని అక్కడ కూర్చోబెడతారు, నన్ను పిలుస్తారు. నేను అందరికీ ఒకే మాట చెబుతాను. "మీరు వదిలేయడం లేదు, అప్పగిస్తున్నారు." వాళ్ళు ఏడుస్తారు, సంతకం పెడతారు, నా చేతులు పట్టుకుని దండం పెడతారు. ఎంత మంచి మాటో అనుకునేవాణ్ణి. మొన్న ఆ కాయితం ముందు కూర్చుని అదే మాట పైకి అనుకున్నాను. ఎవరో పరాయివాడు నా గదిలోకి వచ్చి మాట్లాడినట్టు ఉంది.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ ముడత రోజూ వస్తోందా? ఎప్పుడు వస్తోంది, ఎలా ఉంటోంది, అంతా రాయించు. అది చిన్నక్క చెయ్యే అయితే ఈ కాయితం చింపేస్తాను. ముద్ర లేకపోయినా సరే, మీ డాక్టరమ్మకి నేనే రాస్తాను.

తమ్ముడు

మార్చి 19

ఒరేయ్ తమ్ముడూ,

ఇప్పుడు మా తమ్ముడు రాసినట్టుంది. చింపడానికి ఆలోచన దేనికి, చింపు.

అడిగావు గనక చెబుతాను. కత్తెర ఈ రోజు ఏదీ వదలకుండా రాస్తానన్నాడు. పొద్దున ఆరింటికి వస్తాను. ఆయా దుప్పటి మార్చి చదును చేస్తుంది, చాలకపోతే నేను అరచేత్తో ఇంకోసారి చదును చేస్తాను. తర్వాత కుడి పక్కన కుర్చీ వేసుకుని దాని చేతి దగ్గరే కూర్చుంటాను. ప్రార్థన చేస్తాను. దానితో మాట్లాడతాను. ఒక్కోసారి కునుకు పడుతుంది, వయసు కదా. కళ్ళు తెరిచేసరికి ముడత ఉంటుంది. సోమవారం నుంచి శనివారం దాకా ఒక్క రోజూ తప్పలేదు.

ఆదివారం మాత్రం రాదు. ఆ రోజు నేను మందిరానికి వెళ్ళి సాయంత్రం వస్తాను. అప్పటికి దుప్పటి పొద్దున పరిచినట్టే ఉంటుంది. చూశావా? అంత జబ్బులోనూ విశ్రాంతి దినం పాటిస్తోంది! బతికినంత కాలం ఆదివారం సూదిలో దారం కూడా ఎక్కించనిది, ఇప్పుడు మానుతుందా?

ఇంకో మాట అడుగుతాను. మొదటి మనిషి ముక్కులో దేవుడు ఊపిరి ఊదాడని చెల్లి చదివింది. ఇప్పుడు దీనిలో మిషను ఊదుతోంది. మరి ఇది ఎవరి ఊపిరి? ఆయనది ఇంకా లోపలే ఉండి ఇది దానికి తోడా, లేక ఆయనది వెళ్ళిపోయి ఇది ఒక్కటే మిగిలిందా? మిషను మీద చెయ్యేసి చూశాను. వెచ్చగా ఉంది. దాని వల్ల నాకేమీ తెలియలేదు. మీ అయ్యగార్ల బడిలో దీనికి జవాబు నేర్పి ఉంటారు, రాయి.

ఆ కథలో ప్రభువు నాలుగు రోజులే ఆలస్యం చేశాడు. నీకు ఎనభై రోజులైంది. సెలవు ఇవ్వని ఆ పెద్దమనిషి పేరు రాసి పంపు, ఆయనకీ ఒక ఉత్తరం చెప్పి రాయిస్తాను.

అక్క

అయ్యగారికి టైలరు నమస్కరించి రాసుకునేది. ఈ కింది నాలుగు ముక్కలు ఆమె చెప్పినవి కావు, ఆమెకి తెలియవు. అడుగున చోటు మిగిలిందని రాస్తున్నాను, తప్పయితే క్షమించండి. నేను బట్టతో బతికినవాణ్ణి, ఏ ముడత ఎటు లాగితే వచ్చిందో తెలుస్తుంది. ఆ ముడత కుర్చీ వైపు నుంచి వచ్చింది. ఆమె ప్రార్థన చేసేటప్పుడు, కునుకు తీసేటప్పుడు దుప్పటిని గుప్పిట పట్టుకుంటారు. గట్టిగా. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. కళ్ళు తెరవగానే చెయ్యి వదిలేస్తారు, పట్టుకున్న సంగతి ఆమెకి తెలియదు. రెండు నెలలుగా ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. చెప్పడానికి నోరు రాలేదు. నా భార్య కోలుకుంటోంది. ఇటు మంచం మీద కోలుకుంటుంటే అటు మంచానికి ఇలాంటి మాట ఎలా చెప్పను? మీరు కాయితం చింపేస్తానన్నారు గనక మీకు మాత్రం చెప్పకపోతే పాపం అనిపించింది.

మార్చి 28

అక్కకి,

నీ ఉత్తరం అందింది. అంతా వివరంగా రాయించావు, చదివాను.

ఊపిరి గురించి అడిగింది నా పుస్తకాల్లో వెతికాను, దొరకలేదు. బడిలో నేర్పలేదు.

ఒక్క మాట. ఇన్నాళ్ళుగా ఒకే భంగిమలో కూర్చుంటున్నావు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకో. చేతులు ఒళ్ళో పెట్టుకో, భుజాలకి విశ్రాంతిగా ఉంటుంది. నాలుగు రోజులు అలా చేసి చూడు.

తమ్ముడు

ఈ విడి చీటీ టైలరు గారికి: మీరు చెప్పింది నమ్ముతున్నాను. దయచేసి ఇది ఆమెకి చదవకండి. వచ్చినప్పుడు నేనే ఎదురుగా చెబుతాను. ఎప్పుడు వస్తానో మాత్రం అడగకండి. ఆ కాయితం చింపలేదు. సంతకమూ పెట్టలేదు.

ఏప్రిల్ 6

తమ్ముడికి,

ఈ ఉత్తరం కత్తెరే రాస్తున్నాడు గాని వార్డు సిస్టరమ్మ పక్కన నిలబడి చూస్తోంది. అక్షరం తక్కువైనా ఎక్కువైనా నాకు చెబుతుంది. ఇక కత్తెరకి పని లేదు.

భుజాలకి విశ్రాంతి అన్నావు. పుట్టిన దగ్గర నుంచి నా భుజాల గురించి అడగనివాడివి. ఎనిమిదేళ్ళు నిన్ను మోసినప్పుడు అడగలేదు, తడి మూటలు మోసినప్పుడు అడగలేదు. ఇప్పుడెందుకు అడిగావా అని ఆలోచించాను. కత్తెర వైపు చూస్తే గోడవైపు తిరిగాడు. ఇద్దరు మగాళ్ళు ఒకేసారి మంచిగా ఉన్నారంటే ఏదో దాస్తున్నట్టే.

ఎవరినీ అడగలేదు. తువ్వాలు తీసుకున్నాను. సోమవారం పొద్దున దుప్పటి చదును చేసి, కుర్చీలో కూర్చుని, నా రెండు చేతులకీ తువ్వాలు చుట్టి ఒక కొస పళ్ళతో లాగి ముడి వేసుకున్నాను. సిస్టరమ్మ వచ్చి "ఏంటమ్మా ఇది, చేతులకేమైంది?" అంది. "ఏమీ కాలేదు. ఏమైనా అవుతోందా లేదా అని చూస్తున్నాను" అన్నాను. పన్నెండయింది. రెండయింది. నాలుగయింది. దుప్పటి చెరువు నీళ్ళలా ఉంది. గాలి లేని రోజు చెరువు ఎలా ఉంటుందో అలా.

మంగళవారం అలాగే. బుధవారం అలాగే. ఆదివారాల సంగతి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది.

అప్పుడు ముడి విప్పమన్నాను. కత్తెరే విప్పాడు. విప్పుతూ అంతా చెప్పేశాడు, నీకు రాసింది, నువ్వు రాసిన చీటీ. చీటీ తీసుకుని సిస్టరమ్మ చేత చదివించుకున్నాను. ఆయన ఏడ్చాడు. ఆయన్ని ఏమీ అనలేదు. పరాయివాడు, జాలిపడ్డాడు, జాలి అబద్ధంలాగే ఉంటుంది ఒక్కోసారి. నిన్ను అంటాను. నీకు తెలిసి కూడా నాకు భుజాల వైద్యం చెప్పావు.

నేనేం చేశానో చూశావా? లక్షల దుప్పట్లు చదివినదాన్ని, నా చెయ్యి నేనే చదవలేకపోయాను. నా గుప్పిట చూసి చెల్లి బతికుందని డెబ్భై రోజులు సంతోషించాను. దేవుడికి కృతజ్ఞతలు కూడా చెప్పాను, రోజూ. ఆ కృతజ్ఞతలు ఆయన ఏం చేసుకున్నాడో. వద్దన్నా ఇస్తుంటే మొహమాటపడి తీసుకున్నాడేమో.

ఇక అడగడానికి నా దగ్గర ఏమీ లేదు. పాపమో కాదో చెప్పొద్దు. ముద్ర వద్దు. సంతకం పెట్టగలిగిన వేలు నీది ఒక్కటే ఉంది, నాది ఆయన తుడిచేశాడు. అది కూడా జవాబనుకున్నాను. అదీ సోడానే.

మీ గదిలో చెప్పే మాట నాకు చెప్పకు. రా. అయ్యగారిగా వస్తే గుమ్మంలోనే ఆపేస్తాను.

అక్క

ఏప్రిల్ 13

అక్కా,

సెలవు ఇవ్వని పెద్దమనిషి ఎవరూ లేరు. ఫిబ్రవరిలోనే అడగ్గానే ఇచ్చారు. మూడు వారాలు. ఆ మూడు వారాలూ గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. సంచీ సర్దుకుని బస్సు స్టాండు దాకా రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ బస్సు వెళ్ళిపోయాక తిరిగి వచ్చాను.

ఎందుకో చెబుతాను. నేను లోపలికి రాగానే నువ్వు "ప్రార్థన చెయ్యి" అంటావు. నాకు ప్రార్థన రావడం లేదు అక్కా. నోరు తెరిస్తే మాటలు వస్తాయి, ఇరవై ఏళ్ళ అలవాటు, ఆగకుండా వస్తాయి. అవతల ఎవరూ వింటున్నట్టు ఉండదు. చిన్నక్క పడిపోయిందని తెలిసిన రోజు నుంచి ఇంతే. ఇక్కడ ఎవరికీ తెలియదు. పిలిచిన గదికల్లా వెళ్తున్నాను, అదే మాట చెబుతున్నాను, వాళ్ళు అలాగే దండం పెడుతున్నారు. నీ ముందు అలా చేస్తే నువ్వు ఒక్క నిమిషంలో పట్టేస్తావు. దుప్పటి చదివే మనిషివి.

ముడత సంగతి దాచింది నీ కోసం కాదు. అది నిజమేమోనని చివరిదాకా నేనూ ఆశపడ్డాను. దాన్నే పట్టుకున్నాను. గుప్పిట నీ ఒక్కదానిదే కాదు.

పదహారో తేదీ పొద్దున బస్సు. కాయితం తెస్తున్నాను. సంతకం అక్కడే పెడతాను, నువ్వు చూస్తుండగా. ఒకవేళ స్టాండులో మళ్ళీ ఆగిపోతే, ఈ ఉత్తరం నీకు చదివిన వాళ్ళ చేత నన్ను తిడుతూ ఇంకోటి రాయించు. అదైనా పట్టుకుని వస్తాను.

తమ్ముడు

మే 4

తమ్ముడికి,

నువ్వు వెళ్ళి రెండు వారాలైంది. సిస్టరమ్మ టీ తాగే టైములో రాసిపెడుతోంది. కత్తెర భార్యని ఇంటికి పంపేశారు. వెళ్ళేటప్పుడు ఆమె నా కాళ్ళకి దండం పెట్టబోతే లేపి కౌగిలించుకున్నాను. కత్తెర నా శాలువా అంచు ఊడిందని అక్కడే కూర్చుని కుట్టి ఇచ్చాడు.

నువ్వున్న నాలుగు రోజులూ మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఇప్పుడు చెబుతాను.

నువ్వు గుమ్మంలోకి వచ్చినప్పుడు, కథలో పెద్దదానిలాగే దారిలోనే నిలదీయాలని ఎన్ని మాటలు దాచుకున్నానో. నువ్వు ముందుగా ఉండి ఉంటే అని. నీ చొక్కా కాలరు చూశాక అనలేకపోయాను. ఎన్ని రోజులు వేసుకున్నావురా దాన్ని?

సంతకం పెట్టావు. కింద నా మరక కూడా వేయమని గుమస్తాని అడిగాను. చెల్లదమ్మా అన్నాడు. చెల్లకపోయినా పెట్టనివ్వు, ఇది నా తమ్ముడొక్కడే చేసిన పని అని రేపు ఎవరూ చదవకూడదు అన్నాను. పెట్టనిచ్చాడు.

ప్రార్థన చేయమని నేను అడగలేదు, గమనించావా? నీ ఉత్తరం చదివించుకున్నప్పటి నుంచి నువ్వు వెళ్ళేదాకా ఆలోచించాను. నాకూ రావడం లేదని నీకు చెప్పాలా వద్దా అని. ముడతతో పాటే పోయింది. అయినా మందిరానికి వెళ్తున్నాను. వినేవాడు లేడని ఇల్లు ఊడ్వడం మానేస్తామా? ఊడ్చి ఉంచుతున్నాను. వస్తే వస్తాడు.

బస్సు టికెట్టు ఉన్న చోటు నుంచి చదవమని నీ చేతికి ఇచ్చాను. డాక్టరమ్మ మిషను ఆపింది. ఆ చప్పుడు పోయాక గది ఎంత పెద్దదో తెలిసింది. నువ్వు చదువుతున్నావు. పెద్దది ఎదురెళ్ళడం, చిన్నది కాళ్ళ మీద పడడం, ఆయన కూడా కన్నీళ్ళు పెట్టుకోవడం, సమాధి దాకా నడవడం, రాయి తీయమనడం. రాయి తీశారు. ఆయన ఇప్పుడు గట్టిగా పిలవాలి, పోయినవాడు లేచి బయటికి రావాలి. ఆ ఒక్క పిలుపు దగ్గరికి వచ్చి నువ్వు ఆగిపోయావు. అప్పటికి చెల్లి ఛాతీ లేవడం మానేసి కాసేపయింది. నేను చూశాను, నిన్ను ఆపలేదు.

నువ్వెందుకు ఆగావని అడగను. ఆ పిలుపు నాకు కంఠస్థం, చిన్నప్పటి నుంచి చెల్లి వందసార్లు చదివింది. నేనైనా అనొచ్చు. అనలేదు. పిలిచాక రాకపోతే మనం ఏం చేస్తాం, ఇద్దరమూ?

టికెట్టు మళ్ళీ అక్కడే పెట్టేశాను.

ఇంకొకటి నువ్వు చూడలేదు. నువ్వు దాని ముఖం వైపు చూస్తున్నావు. నా చేతులు ఒళ్ళోనే ఉన్నాయి, అంత వరకు గుర్తుంది. తర్వాత డాక్టరమ్మ వచ్చి నా భుజం తట్టినప్పుడు, దుప్పటి మీద కుడిచేతి కింద ముడత ఉంది. ఎవరిదో తెలుసుకోవచ్చు. ఎటు లాగితే వచ్చిందో నేను చెప్పగలను, కత్తెర కంటే బాగా చెప్పగలను. చూడలేదు. తల తిప్పుకున్నాను. సిస్టరమ్మా, అలాగే రాయి, తల తిప్పుకుందని రాయి.

ఆ దుప్పటి నన్నే ఉతకనిమ్మని అడిగాను. లాండ్రీలో ఇప్పుడంతా కొత్తవాళ్ళు, పెద్ద మిషన్లు. అయినా పాత తొట్టి ఒకటి మూలన ఉంది, ఇచ్చారు. కళ్ళు మూసుకునే నానబెట్టాను. ఉతికాను. రెండు కొసలూ పట్టడానికి మనిషి లేక ఒక్కదాన్నే పిండాను. ఆరేశాను.

ఇస్త్రీ చేయలేదు.

అక్క